ఎర్రనీళ్లు రాని ఏడు

శోభనాద్రి తాడు కట్టిన నూనెడబ్బాని సముద్రంలోకి జార్చాడు. నీళ్లు తోడి, అందులో వేలు ముంచి, నాలిక్కి రాసుకుని ఉమ్మేశాడు.

"ఉప్పే," అన్నాడు.

పొద్దు పొడిచినప్పటినుంచీ ఇది తొమ్మిదోసారి. చుక్కాని దగ్గర నిలబడ్డ రత్తయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. సముద్రపు నీళ్లు ఉప్పగా కాక సుగంధి షర్బత్తులా ఉంటాయా అని అడగాలని ఉంది అతనికి. అడగలేదు. పదిహేడు రోజులుగా ఈ ముసలాయన మాట విన్నందుకే నలుగురూ ఊపిరితో ఉన్నారు. బోటు నడిపించే సరంగు రత్తయ్యే. కానీ సరంగుకి ఉండాల్సిన నోరు ఆ పదిహేడు రోజుల్లో ఎక్కడో పడిపోయింది.

శోభనాద్రి ఈ బోటుకి వంటవాడు. అరవై రెండేళ్లు. వల లాగే సత్తువ లేదని, బియ్యం కడిగి పులుసు పెట్టడానికి ఎక్కించుకున్నారు. బందరు గిలకలదిండి రేవులో ఇప్పుడున్నవన్నీ మరబోట్లు. తెరచాప కట్టి గాలితో బేరమాడటం తెలిసిన చేతులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. వాటికి గరిటెలిచ్చి పొయ్యి ముందు కూచోబెట్టారు. పనితనానికి మనవాళ్లిచ్చే పింఛను అంతే.

బోటు గుడివాడ జగన్మోహనరావు గారిది. ముదినేపల్లి పక్కన చేపల చెరువులు తవ్వించి, వాటి మీద వచ్చిందాంతో సముద్రంలోనూ ఒక చెయ్యి వేద్దామనుకున్నాడాయన. గేరుబాక్సులో శబ్దం వస్తోందండీ అని ఇంజను డ్రైవరు ఫైసల్ రెండుసార్లు చెప్పాడు. "ఈ ట్రిప్పుకి లాగెయ్యండయ్యా, వచ్చాక చూద్దాం" అన్నాడాయన. వైర్‌లెస్ సెట్టు అడిగితే దానికీ అదే మాట. వచ్చాక చూద్దాం. వెళ్లేవాడు తిరిగొస్తాడని ఇంత గట్టి నమ్మకం ఒడ్డున కూచున్నవాడికే ఉంటుంది.

బయలుదేరిన ఐదో రోజు గేరుబాక్సు పగిలింది. ఆ సాయంత్రమే వాయుగుండం పట్టుకుంది. మూడు రోజులు గిరగిరా తిప్పి వదిలేసరికి, చుట్టూ ఎటు చూసినా నల్లనీళ్లు. నేల వాసన లేదు, పిట్ట లేదు. రత్తయ్య తల పట్టుకు కూచున్నాడు. ఫైసల్ పగిలిన పళ్లచక్రాన్ని ఒళ్లో పెట్టుకుని, పోయిన బిడ్డని చూసినట్టు చూస్తూ కూచున్నాడు. అప్పుడు శోభనాద్రి పొయ్యి ఆర్పి లేచాడు. ఐసుగది మీద కప్పే నీలం టార్పాలినుని వల కుట్టే సూదితో కుట్టాడు. వల ఎత్తే ఇనప దూలాన్ని స్తంభంగా నిలబెట్టించాడు. ఎదురుగాలికి వెళ్లలేదు కానీ, వెనకనించో పక్కనించో వీస్తే ఆ గుడ్డ బోటుని నడిపింది. కార్తీకం వచ్చింది, ఇక ఈశాన్యపు గాలి పడుతుంది, అది మనల్ని ఇంటివైపే తోస్తుంది అన్నాడు. అన్నట్టే పడింది. పగలు పొద్దుని, చీకట్లో చుక్కల్ని చూసుకుంటూ పదిహేడు రోజులు నైరుతి దిక్కుకి నడిపించాడు. ఐసు కరిగిన నీళ్లు, చేపకంపు కొట్టేవి, మూతతో కొలిచి తాగించాడు.

ఇవాళ చివరి రోజు. చివరిదే కావాలి. ఎందుకంటే నీళ్లు అరసీసా ఉన్నాయి, వెంకట్‌కి రెండు రోజులుగా మూత్రం లేదు.

వెంకట్ సముద్రం మనిషి కాడు. నందివాడ దగ్గర కౌలు రైతు, ఇరవయ్యారేళ్లు. మూణ్ణెల్ల కిందట గుడివాడ బస్టాండులో పనికోసం తిరుగుతుంటే రత్తయ్య చూసి, బోటు మీదకి వస్తావా అని అడిగాడు. వచ్చాడు. ఇది అతనికి రెండో ట్రిప్పు. తాగింది కడుపులో నిలవడం లేదు. పెదాలు పగిలి, కళ్లు లోపలికి పోయి, టార్పాలిను నీడలో ఒక మూటలా పడి ఉన్నాడు. నుదుటి మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టుంది. రేపటిదాకా ఆగడు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ముగ్గురికీ తెలుసు.

తెల్లవారకముందు పడమట దిక్కున ఒక వెలుగు మూడుసార్లు తిరిగింది. బందరు లైటుహౌసు. నలుగురిలో లేవగలిగిన ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఫైసల్ ఏడ్చాడు కూడా. అంతలో జల్లు పట్టి వెలుగు మాయమైంది. జల్లు వెలిసి తెల్లారేసరికి బందరుని దాటేసి దిగువకి వచ్చేశారు. వెనక్కి తిరగడమంటే గాలికి ఎదురెళ్లడం. అది ఆ గుడ్డ వల్ల కాదు.

"ఏం ఫరవాలేదు," అన్నాడు శోభనాద్రి. "కింద కృష్ణ మొగ ఉందిగా. అందులో దూరిపోదాం."

"ఎక్కడో ఒకచోట ఒడ్డెక్కించెయ్యొచ్చుగా మావా," అన్నాడు రత్తయ్య. "పడమటికి తిప్పితే నేలే కదా."

"నేలే. మధ్యలో ఇసక మేటలున్నాయి. ఒడ్డుకి కోసు దూరంలో బోటు మేటకి తగిలి కూచుంటుంది. కెరటాలు దంచి పలకలు ఊడదీస్తాయి. అక్కణ్ణించి ఈదాలి. నువ్వీదుతావు, నేనూ ఎట్టాగో ఈదుతాను. వాడీదుతాడా?"

రత్తయ్య టార్పాలిను నీడవైపు చూశాడు. వెంకట్‌ని తెచ్చింది తనే.

మొగంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. అక్కడ ఏటి తోపుకి ఇసక నిలవదు, లోతుగా దారి ఉంటుంది. దివిసీమ ఒడ్డు అరిచెయ్యంత చదునైన నేల. కొండ లేదు, గుట్ట లేదు, రెండు కోసుల అవతలనించి చూస్తే కంటికి ఆననే ఆనదు. మేటలకి భయపడి దూరంగా నడిచే పడవకి మొగ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? శోభనాద్రికి వాళ్ల నాన్న చెప్పిన గుర్తు ఒకటుంది. ఎర్రనీళ్లు. వరదకాలం నించి కార్తీకం వెళ్లేదాకా కృష్ణ నీళ్లు సముద్రంలోకి మూడు కోసులు చొచ్చుకుపోతాయి. నీలం మీద ఎర్రగా, చీర అంచు గీసినట్టు కనబడతాయి. ఆ గీత దాటి డబ్బా ముంచితే నీళ్లు చప్పబడతాయి, ఇంకా లోపలికెళ్తే అన్నం వండుకోవచ్చు. ఎర్రనీళ్లు తగిలాక పడమటికి తిప్పు, మొగే నిన్ను లాక్కుంటుంది అనేవాడాయన. శోభనాద్రి వయసులో ఉన్నప్పుడు ఎండుచేపలేసుకుని బందరు నించి నిజాంపట్నం వెళ్లిన ప్రతిసారీ ఆ గుర్తు మీదే తిప్పాడు. ఒక్కసారి కూడా తప్పలేదు.

అందుకే పొద్దున్నించీ డబ్బా ముంచుతున్నాడు.

"కనబడుతోందా ఏవైనా?" అని బోటు ముందుకొనన, అణియం మీద కూచున్న ఫైసల్ని అడిగాడు.

"నీలమే బాబాయ్. కాస్త పచ్చగా ఉంది. ఎరుపు లేదు."

"చూస్తూ ఉండు."

"చూడ్డానికేం, తినే పని లేదుగా. రంజాన్ నెల వచ్చేసుంటుందీపాటికి. ఈసారి అందరికంటే ముందే మొదలుపెట్టేశాను ఉపవాసం. ఇంటికెళ్తే మా షబ్నమ్ మెచ్చుకుంటుంది."

"నీ మొహం మెచ్చుకుంటుంది. ఆ గెడ్డంతో నిన్ను గుమ్మంలోకి రానీదు," అన్నాడు రత్తయ్య. మూడు రోజుల్లో అతను హాస్యమాడటం అదే మొదలు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. పదోసారి ఉప్పే. పదకొండోసారీ ఉప్పే. మూత నిండా నీళ్లు పోసి ముందు వెంకట్ పెదాల మీద తడిపారు. ఫైసల్ తన మూత కూడా వాడి నోట్లోనే వంచాడు. శోభనాద్రి చూసి చూడనట్టు ఊరుకున్నాడు. తన మూతా అక్కడికే పోయింది మరి.

బోటు పక్కనించి ఒక గోనెలాంటిది తేలుకుంటూ పోయింది. ప్లాస్టిక్ సంచి, రొయ్యల మేతది. రత్తయ్య చూశాడు.

"మావా, మేత సంచి. నాగాయలంక చెరువులది. మనం దివి ఎదట ఉన్నాం."

"సంచిదేముందిరా. కార్తీకంలో నీటి లాగుడు దక్షిణానికి. నిన్న బందరులో పారేస్తే ఇవాళ ఇక్కడుంటుంది, ఎల్లుండి మద్రాసులో ఉంటుంది. సంచిని చూసి బోటు తిప్పుతారా?"

"ఆ లాగుడు మనల్నీ లాగుతోందిగా. దాటేస్తేనో?"

"ఎర్రనీళ్లు లేకుండా ఎలా దాటతాం? గీత అడ్డంగా ఉంటుంది. దాన్ని తొక్కకుండా దాటడానికి మనకేం రెక్కలున్నాయా?"

"ఇందాకణ్ణుంచీ అదే మాట..."

"మరి నువ్వు తీసుకెళ్లు," అని శోభనాద్రి డబ్బా కింద పడేశాడు. "సరంగువి నువ్వేగా. తీసుకెళ్లి మేట మీద కూచోబెట్టు. నేను పోయి పొయ్యి రాజేసుకుంటాను."

రత్తయ్య చుక్కాని కర్ర మీద పిడికిలి బిగించాడు. ముసలాయన అన్నంత పనీ చేస్తాడనిపించింది. పదిహేడు రోజులు సరిగ్గా చెప్పినవాడు ఇవాళ తప్పు చెబుతున్నాడనడానికి తన దగ్గర ఒక ఖాళీ సంచి తప్ప ఇంకేం లేదు. తల దించుకున్నాడు. బోటు దక్షిణానికే నడిచింది.

శోభనాద్రి లోపల మాత్రం నిమ్మళంగా లేదు. పొద్దెక్కడుందో చూస్తే ఈపాటికి గీత తగలాలి. గాలి తోసిన దూరం, నీళ్లు లాగిన దూరం, అన్నీ లెక్క వేసుకుని చూసినా తగలాలి. తగల్లేదంటే ఇంకా రాలేదన్నమాట, అంతే. ఆ దారి కాక మనసు ఇంకో దారి పట్టలేదు. నలభై ఏళ్లు నమ్మిన నాలిక అది.

"మావయ్యా."

గొంతు ఎక్కడిదో ముందు అర్థం కాలేదు. వెంకట్ కళ్లు తెరిచి ఉన్నాడు. నిన్న సాయంత్రం నించి మాటలేనివాడు.

శోభనాద్రి వెళ్లి పక్కన కూలబడ్డాడు. "ఏంరా అబ్బాయ్. వచ్చేశాం. ఇంకొంచెం ఓపిక పట్టు."

"ఎర్రనీళ్లంటే... కృష్ణలోంచి వచ్చేవేనా?"

"మరెక్కణ్ణుంచొస్తాయిరా. ఏటినీళ్లే. తియ్యగా ఉంటాయి. కడవెడు తాగుదువుగాని."

వెంకట్ చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"కృష్ణలో నీళ్లుంటే మా కాలవకొచ్చేవి," అన్నాడు. "కాలవకొస్తే వరి ఊడ్చుకునేవాణ్ణి. నేనిక్కడెందుకుంటాను మావయ్యా?"

అని కళ్లు మూసుకున్నాడు. నిష్ఠూరంగా అనలేదు. తెలియక అడిగినట్టే అడిగాడు.

టార్పాలిను ఒకసారి పటపటమని కొట్టుకుని ఊరుకుంది.

నిజమే. ఆ ఏడు రెండువేల రెండు. ఆషాఢం వెళ్లింది, శ్రావణం వెళ్లింది, వాన లేదు, వరద లేదు. పైన డ్యాముల దగ్గర తలుపులు బిగించుకుని ఎవరి నీళ్ల కోసం వాళ్లు పంతాలు పట్టారు. చివరి ఊళ్ల కాలవల్లో ప్రకటనలే పారాయి. నారుమళ్లు నెర్రెలిచ్చాయి. వెంకట్ లాంటివాళ్లు ఎంతమంది బస్టాండుల్లో నిలబడ్డారో లెక్క రాసినవాడు లేడు.

ఇదంతా శోభనాద్రికి తెలియదా? తెలుసు. భాద్రపదంలో నాగాయలంక వెళ్తూ పులిగడ్డ వంతెన మీద బస్సు కిటికీలోంచి చూశాడు. ఏటి నడిమధ్య ఇసకలో పిల్లలు కర్రలు పాతి క్రికెట్ ఆడుతున్నారు. ఇంటిదగ్గర భార్య సత్యవతమ్మ టాంకరు నీళ్ల కోసం బిందె పెట్టుకుని వీధిలో నిలబడి, రోజూ ఎవరో ఒకరితో పోట్లాడి వచ్చేది. ఆ నీళ్లతోనే తను స్నానం చేసి బోటెక్కాడు. అన్నీ తెలుసు. నేల మీద తెలుసు. తెరచాప ఎత్తి చుక్కల కింద నడిచిన ఈ పదిహేడు రోజుల్లో అతను పాతికేళ్ల వాడైపోయాడు. వాళ్ల నాన్న పక్కన కూచున్నాడు. ఆ కాలపు సముద్రంలో కృష్ణ నిండుగా వచ్చి కలుస్తూనే ఉంది.

లేని గీత కోసం పొద్దున్నించీ కాచుకు కూచున్నాడు. కాచుకున్నంతసేపూ లాగుడు బోటుని దిగువకి లాగుతూనే ఉంది. మొగ దాటితే దివి కొన. కొన దాటితే ఒడ్డు ఒక్కసారిగా పడమటికి వంగిపోతుంది. ఆ తరవాత చీరాల దాకా, ఇంకా కిందదాకా, ఎదురుగా నీళ్లే. అరసీసా కూడా లేని నీళ్లతో.

స్తంభం పట్టుకుని లేచాడు.

"రత్తయ్యా. నేను తప్పాను," అన్నాడు. "ఎర్రనీళ్లు రావు. ఈ ఏడు రావు. పొద్దున్నించీ మిమ్మల్ని ఉత్తపుణ్యానికి తిప్పాను."

రత్తయ్య అనగలిగిన మాటలు బోలెడున్నాయి. రెండు నోటి చివరిదాకా వచ్చాయి కూడా. ముసలాయన మొహం చూశాక మింగేశాడు.

"సరే. ఇప్పుడెటు తిప్పమంటావో చెప్పు," అన్నాడు.

"నన్నా అడుగుతావు?"

"మరెవర్ని అడగను? ఫైసల్ని అడిగితే గేరు మార్చమంటాడు."

శోభనాద్రి మొహం మీద చెయ్యి రాసుకున్నాడు. కంటికీ నాలిక్కీ అందనిది ఇంకేముంది? సముద్రపు అడుగు ఉంది. ఏరు ఎండినా, తరాల తరబడి తెచ్చిపోసిన బురద అడుగున ఉండాలి కదా. దాన్ని ఏ తలుపులూ ఆపలేవు.

"ఫైసల్, గ్రీజు ఉందా?"

"డబ్బా నిండా ఉంది బాబాయ్. గ్రీజుకేం తక్కువ, గేరుకే తక్కువ."

వలకి కట్టే సీసపు గుళ్లు పదిహేను కలిపి మూట కట్టించాడు. దాని అడుగున అరచేతి మందాన గ్రీజు మెత్తాడు. ముప్ఫై బారల తాడు కట్టి కిందకి వదిలాడు. తాడంతా పోయింది. గుళ్లు దేనికీ తగల్లేదు.

"అందలేదు," అన్నాడు రత్తయ్య నెమ్మదిగా.

"అందలేదు. తిప్పు. పడమటికి తిప్పు."

తిప్పారు. గాలి పక్కనించి తగిలేసరికి బోటు ఒరిగింది, టార్పాలిను కుట్లు కిర్రుమన్నాయి. శోభనాద్రి ఆకాశంలోకి చూశాడు. ఇవాళ దశమి. దశమినాడు పోటు నిండేది సాయంత్రం ఐదింటికి. మొగ దగ్గర మేట మీద నీళ్లు ఎక్కువుండేది అప్పుడే. ఆ వేళకి అక్కడ లేకపోతే మళ్లీ తెల్లవారుజామునే. ఇప్పుడు పొద్దు వాలి, నీడ మనిషంత సాగింది. రెండు దాటి ఉంటుంది.

అరగంట నడిచాక మళ్లీ వదిలాడు. ఇరవై రెండు బారల దగ్గర తాడు సడలింది. ముగ్గురి చేతులూ ఒక్కసారి తాడు మీద పడ్డాయి. పైకి లాగి గ్రీజు చూశారు. దానికి నల్లటి జిగురుమట్టి అంటుకుంది. శోభనాద్రి గోటితో గీకి వాసన చూశాడు. రత్తయ్య ముక్కు దగ్గర పెట్టాడు.

"ఇసకైతే ఇంకా బందరు వైపున్నట్టు. ఇది మడబురద. కుళ్లిన ఆకు వాసన రావట్లేదూ?"

"వస్తోంది," అన్నాడు రత్తయ్య. "బోదె కాలవ వాసన."

"మడ అడవుల మట్టి. దివిదే. కొన దాటలేదు." మట్టిని వేళ్ల మధ్య నలుపుతూ, "ఇంకా దాటలేదు," అన్నాడు.

పదిహేను బారలు, బురద. తొమ్మిది బారలు, బురద. ఫైసల్ ప్రతిసారీ కొత్త గ్రీజు మెత్తి ఇచ్చాడు. పదిహేడు రోజుల్లో అతని సామాను అక్కరకొచ్చింది ఇప్పుడే. నాలుగు కాబోతుండగా అణియం మీద నిలబడి, ఏం మాట్లాడకుండా చెయ్యి చాపాడు. నీళ్ల అంచున పొడుగ్గా, పచ్చగా ఒక గీత. మడచెట్లు. కనబడటానికి అవి మనిషిన్నర ఎత్తున్నాయి, అంతే. అంతకంటే ఎత్తైన దాన్ని ఆ ముగ్గురూ పుట్టాక చూడలేదనిపించింది.

దగ్గరికొచ్చేకొద్దీ చెట్లకి ముందు తెల్లటి నురగ కనబడింది. కెరటాలు మేట మీద విరిగి పడుతున్నాయి. ఈ చివరినించి ఆ చివరిదాకా, సందు లేకుండా.

"మొగ ఏదీ?" అన్నాడు రత్తయ్య. "పోయినేడు ఇంజనుతో వచ్చినప్పుడు ఇక్కడ ఇంత వెడల్పు దారి ఉంది."

"ఏటికి తోపు లేదురా. ఇసక వచ్చి పూడ్చేస్తోంది. ఎంతో కొంత మిగిలుంటుంది. ఎక్కడుందో చూడాలి. తెరచాప సగం దించండి."

బోటు నెమ్మదించింది. శోభనాద్రి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ఎండ నీళ్ల మీద పడి కళ్లలోకి కొడుతోంది. నురగ, నురగ, నురగ. మధ్యలో ఏదో నల్లగా కదిలింది. కొయ్య అనుకున్నాడు. కొయ్య వంగింది. మళ్లీ లేచింది.

"మనిషిరా. ఆడమనిషి."

ఒడ్డుకి అంత దూరాన, సముద్రం మధ్యలో, నడుం లోతు నీళ్లలో ఒక ఆడమనిషి నిలబడి పీతల బుట్టలు ఎత్తుకుంటోంది. కాస్త అవతల చిన్న పడవ కట్టేసి ఉంది. పోటు ఎక్కుతుంటే బుట్టలు పోగుచేసుకుంటోంది కాబోలు. ఫైసల్ చొక్కా విప్పి ఊపాడు. ఆమె తలెత్తి, నీలం గుడ్డ కట్టుకుని వస్తున్న మరబోటుని చూసి, బుట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఆమె వైపు పోనీ," అన్నాడు రత్తయ్య.

"ఆమె వైపు పోకూడదు," అన్నాడు శోభనాద్రి. "ఆమె నిలబడిందంటే అక్కడ నడుం లోతే. మనకి అంతకి రెట్టింపు కావాలి. ఆమె నిలబడలేని చోటెక్కడో అది కావాలి మనకి."

దోసిలి నోటికి పెట్టుకుని అరిచాడు. "అమ్మా. మొగ ఎక్కడ. లోతు ఎక్కడమ్మా."

గాలికి ఏం వినబడిందో. ఆమెకి అర్థమైంది. బుట్ట పడవలో విసిరేసి, గెడ పట్టుకుని నీళ్లలో అడ్డంగా నడవడం మొదలుపెట్టింది. నడుం లోతు. ఛాతీ లోతు. కెరటం వచ్చి కప్పింది, మళ్లీ తేలింది. గెడ ముందుకి గుచ్చి చూసింది. ఇంకో నాలుగడుగులు వేసి, మెడలోతున ఆగి, గెడ తన ఎడం పక్కకి గుచ్చింది. గెడ మొత్తం మునిగిపోయింది. ఆ పక్కకి చెయ్యి చాపి, అలాగే ఉంచింది.

"అదీ దారి," అన్నాడు శోభనాద్రి. "రత్తయ్యా, చుక్కాని నువ్వు పట్టుకో. కుర్రచెయ్యి కావాలి. నేను ఆమెని చూస్తూ చెబుతాను. ఫైసల్, తెరచాప పూర్తిగా ఎత్తు."

"పూర్తిగానా? చిరుగుతుంది బాబాయ్."

"చిరగనీ. ఇంకా దాంతో ఎక్కడికెళ్తాం."

గాలి గుడ్డని నింపింది. బోటు మేట మీదకి ఉరికింది. రెండు పక్కలా నురగ లేచింది. ఎడమ, ఎడమ, ఇంకొంచెం, ఆగు అంటూ శోభనాద్రి బోటు అంచు మీద చేత్తో కొట్టి చెబుతున్నాడు. ఆమె చాపిన చెయ్యి దించలేదు. కెరటం ముంచినప్పుడల్లా ముందు చెయ్యే పైకి వస్తోంది. అడుగున గర్రుమని రాసుకుంది. బోటు ఆగిపోయినంత పనైంది. రత్తయ్య కళ్లు మూసుకున్నాడు. వెనకనించి పెద్ద కెరటం వచ్చి బోటుని అడుగునించి ఎత్తి, ముందుకి తోసింది. పైన టార్పాలిను నిలువునా చిరిగి రెండు ముక్కలై ఎగిరింది. అప్పటికే కింద రాపిడి లేదు.

నీళ్లు చదునుగా ఉన్నాయి. కెరటాల చప్పుడు వెనక్కి వెళ్లిపోయింది. పోటు నిండిన ఏరు రెండు మడ అడవుల మధ్య కదలకుండా పడుకుని ఉంది.

ఫైసల్ లంగరు వదిలాడు. అది దబ్బున బురదలో కూచుంది.

ఆమె పడవ తోసుకుంటూ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. తల నించి కాళ్ల దాకా నీళ్లు కారుతున్నాయి. పేరు రావమ్మట. బోటు అంచు పట్టుకుని లోపలికి తొంగి చూసింది.

"ఎక్కడోళ్లయ్యా మీరు. ఆ గుడ్డేంటి, ఆ వాలకమేంటి. నేను సచ్చినోళ్ల పడవేమో అనుకున్నాను."

"బందరోళ్లం," అన్నాడు రత్తయ్య. "నీళ్లున్నాయా తల్లీ?"

ఆమె పడవలోంచి ప్లాస్టిక్ క్యాను ఎత్తి ఇచ్చింది. "టాంకరు నీళ్లు. మూడు రోజులైంది పట్టి. కాస్త వాసనొస్తాయి," అంది, తప్పు చేసినదానిలా.

శోభనాద్రి వెంకట్ తల ఎత్తి తన తొడ మీద పెట్టుకున్నాడు. క్యాను మూత విప్పి, అరిచేతిలో పోసి, పెదాల మధ్యకి జార్చాడు. మొదటిది బయటికి కారిపోయింది. రెండోదీ కారిపోయింది. రత్తయ్య లేచి అటు తిరిగి నిలబడ్డాడు. శోభనాద్రి ఎడమచేతి వేళ్లు వెంకట్ గొంతు మీద ఆనించి, మళ్లీ పోశాడు.

వేళ్ల కింద గొంతు కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది.

"నిదానంగా," అన్నాడు శోభనాద్రి. "చాలా ఉన్నాయి. నిదానంగా తాగు."